ఫ్రాన్స్-జర్మనీ పౌర నిధి: సోదర పట్టణాలకు అందుతున్న సేవపై సమీక్ష

దక్షిణ జర్మనీలోని ఒక చిన్న పట్టణంలో, ఫ్రాన్స్‌లోని సోదర పట్టణంతో (అంటే స్నేహ ఒప్పందం చేసుకున్న జంట పట్టణంతో) రాకపోకలు చూసుకునే సంఘంలో నాకు సభ్యత్వం ఉన్నందువల్ల, రెండు దేశాల పౌరుల ఉమ్మడి కార్యక్రమాలకు ధనసాయం చేసే ఫ్రాన్స్-జర్మనీ పౌర నిధి పనితీరును దగ్గరగా చూసే అవకాశం కలిగింది. 2019 జనవరి 22న ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్, ఆనాటి జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ సంతకాలు చేసిన, రెండు దేశాల సహకారానికి సంబంధించిన ఆఖెన్ ఒప్పందంలోని హామీ మేరకు 2020లో మొదలైన ఈ నిధిని, 1963లో ఏర్పడిన ఫ్రాన్స్-జర్మనీ యువజన కార్యాలయం నిర్వహిస్తోంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఐదేళ్లకే, 1950లో, ఫ్రాన్స్‌లోని మోంబెలియార్, జర్మనీలోని లుడ్విగ్స్‌బుర్గ్ పట్టణాలు చేయి కలిపాయి. ఆనాటి మోంబెలియార్ మేయర్ లూసియాఁ తరాదాఁ బూఖెన్‌వాల్డ్ నాజీ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడినవారు. పగబట్టడానికి అన్ని కారణాలూ ఉన్న మనిషి స్నేహానికి సిద్ధపడ్డారన్న సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. నేడు ఈ రెండు దేశాల మధ్య అటువంటి బంధాలు రెండు వేలకు పైగా ఉన్నాయి. అయితే మేయర్లు సంతకం చేసిన పత్రం ఎంత ఘనమైనదైనా, ఏటా బస్సు బాడుగకూ హాలు అద్దెకూ డబ్బు సమకూరకపోతే ఆ బంధం పురపాలక కార్యాలయం గోడ మీది ఫలకానికే పరిమితమవుతుంది.

పౌర నిధి తీర్చే అవసరం సరిగ్గా ఇదే. సాయాన్ని 5,000 యూరోల వరకు, 10,000 వరకు, 50,000 వరకు, ఆపైన అని అంచెలుగా విభజించారు. అన్నిటికన్నా చిన్నదైన మొదటి అంచే నా దృష్టిలో అత్యంత విలువైనది, ఎందుకంటే రిజిస్టరైన సంఘం లేని పౌర బృందాలు కూడా దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. రెండు ఊళ్ల గాయక బృందాలు కలిసి పాడాలనుకున్నా, తోటల పెంపకందారులు విత్తనాలు ఇచ్చిపుచ్చుకోవాలనుకున్నా, పెద్ద సంస్థల అండ కోసం ఎదురుచూడనక్కరలేదు. దరఖాస్తును ఫ్రెంచిలో గానీ జర్మన్‌లో గానీ రాయవచ్చు.

మా సంఘం సమావేశంలో ఖర్చుల పట్టిక తయారుచేసేటప్పుడు, ప్రయాణం, దుభాషి, భోజనాల వరుసల పక్కన ఎవరి ఇంట్లో ఎంతమంది అతిథులు దిగుతారో ఒక పెద్దావిడ పెన్సిలుతో రాసుకుంటూ వచ్చారు. మాంసం తినని వారి పేర్ల కింద గీత కూడా గీశారు. డబ్బు నిధి ఇస్తుంది గానీ, ఆతిథ్యం మాత్రం ఇటువంటి మనుషులు ఇవ్వవలసిందే.

లోటు లేకపోలేదు. ఈ సాయం ఫలానా కార్యక్రమానికే తప్ప, సంఘం ఏడాది పొడవునా నడవడానికయ్యే మామూలు ఖర్చులకు కాదు. సభ్యులలో అధికులు వయసు పైబడినవారైన మా వంటి సంఘాలకు, కొత్తవారిని చేర్చుకొని నిలదొక్కుకోవడానికి కూడా కొంత తోడ్పాటు ఉంటే ఎంతో మేలు జరుగుతుంది.

జర్మనీలో గానీ ఫ్రాన్స్‌లో గానీ స్థిరపడిన తెలుగువారు తమ ఊరికి అవతలి దేశంలో సోదర పట్టణం ఉందేమో పురపాలక కార్యాలయంలో కనుక్కొని, అక్కడి సంఘంలో చేరవలసిందిగా కోరుతున్నాను. దరఖాస్తు పెట్టే ఉద్దేశముంటే ముందు అవతలి ఊరివారితో కలిసి కూర్చొని కార్యక్రమం ఖరారు చేసుకోండి. ఒక్క పక్షమే రాసుకొన్న ప్రణాళికకు ఇక్కడ చోటు లేదు.