మసాదా పాముబాట, ఏన్గెదీ మేకలు

2019 మార్చిలో మా పెద్దమ్మ కూతురు దగ్గరికి ఇజ్రాయెల్ వెళ్లాను. టెల్ అవీవ్ పక్కనున్న రామత్ గాన్‌లో ఒక పెద్దావిడను చూసుకోవడం అక్క పని. మన నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ఆ పనికి వెళ్లినవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. గురు, శుక్రవారాలు సెలవు దొరికితే ఇద్దరం జెరూసలేంలో మృత సముద్రం వైపు బస్సెక్కాం.

రాత్రికి పాతకాలపు కోట ఉన్న మసాదా కొండ కింద యూత్ హాస్టల్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది. భోజనంలో చికెన్, అన్నం బాగున్నాయి. పెరుగు అడిగితే వడ్డించే అబ్బాయి నన్ను వింతగా చూశాడు. "మాంసం పెట్టిన పూట పాలు, పెరుగు ఉండవురా, కోషర్ అని యూదుల తిండి నియమం" అని అక్క నవ్వింది. పొద్దున టిఫిన్‌లో నాలుగు రకాల పెరుగులు పెట్టారు, అన్నం మాత్రం లేదు!

హాస్టల్ నిండా అమెరికా నుంచి వచ్చిన యూదు కుర్రకారే. 1999లో మొదలైన తగ్లిత్ పథకం కింద విదేశాల్లోని యూదు యువతను పది రోజులు ఉచితంగా తిప్పుతారు. మసాదాలో సూర్యోదయం అందులో దాదాపు తప్పనిసరి. తెల్లవారుజామున పావుతక్కువ ఐదుకు వాళ్ల వెనకే పాములా మెలికలు తిరిగే పాముబాట పట్టాం. రెండు కిలోమీటర్ల దారి, 350 మీటర్ల ఎత్తు. అంత పొద్దున్నే కేబుల్ కారు నడవదు. ఎత్తంటే భయపడే ఒకమ్మాయిని గైడ్ అందరికంటే ముందు నిలబెట్టాడు, ఆమెను దాటి ఎవరూ వెళ్లకూడదన్నాడు. మొదట విసుక్కున్నవాళ్లే మూడో మలుపులో ఆమె బ్యాగు మోశారు. చివర్లో భుజాన తుపాకీతో మెడిక్ నడిచాడు.

యువతను ఈ కొండకు నడిపించడం కొత్తేమీ కాదు. 1942లోనే ష్మార్యా గుట్మన్ అనే పురావస్తు పరిశోధకుడు యూదు యువజన సంఘాల నాయకులను ఇక్కడికి తీసుకొచ్చాడు. పైన గైడ్ ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాసిన కథ చెప్పాడు: క్రీ.శ. 73 ప్రాంతంలో ఈ కోటలో ఉన్న 960 మంది యూదు తిరుగుబాటుదారులు, వాళ్ల కుటుంబాలు రోమన్లకు చిక్కకుండా ప్రాణాలు తీసుకున్నారని. మీరైతే ఏం చేసేవారని అడిగితే చాలామంది చనిపోయిన ఆ వీరుల వైపే చేతులెత్తారు. అందరూ చచ్చిపోతే ఈ కథ ఎవరు చెప్పారని ఒక కుర్రాడు అడిగాడు. దాక్కుని బతికిన ఇద్దరు ఆడవాళ్లు, ఐదుగురు పిల్లలు అన్నాడు గైడ్. "అయితే నేను వాళ్లతోనే" అన్నాడు ఆ కుర్రాడు. తర్వాత అందరూ లోయలోకి అరిచి ప్రతిధ్వని విన్నారు గానీ, నాకు ఆ జవాబే గుర్తుండిపోయింది.

కిందికొచ్చి టిఫిన్ చేసి బస్సులో మృత సముద్రం దగ్గరున్న ఒయాసిస్సు ఏన్గెదీకి వెళ్లాం. నన్నడిగితే ఉన్నది ఒక్క రోజే అయితే ఇక్కడే ఉండండి. నహల్ దావీద్ వాగులో నీళ్లు, జలపాతాలు, నీడ ఉన్నాయి. మసాదాలో ఎండే ఎండ. ఏన్గెదీ మా నాయనమ్మ బైబిల్లో విన్న పేరు, సౌలు రాజుకు దొరక్కుండా దావీదు దాక్కున్న చోటు. అక్కడ బడి పిల్లల గుంపొకటి కనిపించింది. ఏటా బడి పిల్లలను ఇలా నడకకు తీసుకెళ్లడం వాళ్లకు మామూలే. టీచర్ కొండమేక పెంటిక ఒకటి అరచేతిలో చిదిమి, ఇది ఏం తిన్నదో చెప్పండి అంది. ఆ తర్వాతే బైబిల్ తెరిచి, కొండమేకల బండల మీద సౌలు దావీదును వెతికిన వాక్యం ఒక పిల్లాడితో చదివించింది. సరిగ్గా ఆ వాక్యం దగ్గర వాళ్ల తల పైన బండ మీద ఒక మేక నిలబడి ఉంది. ఇదంతా నాకు అక్కే తర్జుమా చేసి చెప్పింది. వీరగాథ కంటే ఆ పెంటికే పిల్లలకు ఎక్కువ నేర్పి ఉంటుందని నా అనుమానం.

ఎంతకీ కదలబుద్ధి కాక శుక్రవారం మధ్యాహ్నం ఆఖరి బస్సు అందుకోలేకపోయాం. తప్పు మాదే, శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం షబ్బాత్‌కు బస్సులు ఆగుతాయని అక్కకు తెలియనిదా! టాక్సీకి పెట్టిన డబ్బుతో ఇంకో రెండు రాత్రులు ఉండేవాళ్లం. పెద్దావిడ షబ్బాత్ కొవ్వొత్తులు వెలిగించే వేళకు ఇల్లు చేరాం. ఆకలేసి వంటింట్లో పెరుగు డబ్బా తీశాను. ముందు గదిలోంచి అక్క కేక: "ఆ చెంచా మాంసందిరా, పెరుగులో పెట్టకు!"