జోధ్‌పూర్ నుంచి తనోట్ దాకా: థార్ ఎడారిలో ఒంటరి బైక్ ప్రయాణం

థార్ ఎడారి అనగానే అందరూ చెప్పేవి సమ్ ఇసుక తిన్నెలు, ఒంటె సవారీ, రాత్రి టెంట్ల ముందు డాన్సు. డబ్బులు ఎక్కువగా పోయేదీ, ఎడారి తక్కువగా కనిపించేదీ అక్కడే అని నా అభిప్రాయం. జోధ్‌పూర్‌లో బైక్ అద్దెకు తీసుకుని ఫలోడీ, పోఖ్రాన్, జైసల్మేర్ మీదుగా పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి తనోట్ వరకు వెళ్ళొచ్చాక ఈ మాట ఇంకా గట్టిగా చెబుతున్నాను.

ముందు బండి గురించి. అద్దెకిచ్చేవాళ్ళు ఎడారి అనగానే పెద్ద బుల్లెట్ బండే చూపిస్తారు. ఈ రోడ్లకి 150 సీసీ బండి చాలు. అద్దె బాగా తగ్గుతుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది, ఇసుకలో పక్కకి ఒరిగితే ఒక్కరే లేపుకోవచ్చు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఈ మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. బండి తీసుకునేటప్పుడు టైర్ల అరుగుదల చూసుకోండి, ఉన్న గీతలన్నీ ఓనరు ముందే ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.

నేను వెళ్ళింది డిసెంబరులో. పొద్దున్నే బండి మీద చేతులు కొంకర్లు పోయేంత చలి, మధ్యాహ్నానికి హాయైన ఎండ. మే నెలలో మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోకండి. 2016 మే 19న ఫలోడీలో 51 డిగ్రీలు నమోదైంది. నీడ కోసం ఆగుదామన్నా చెట్టు కనపడని రోడ్లివి.

దారిలో ఒసియాఁలో పాత గుళ్ళున్నాయి. వెయ్యేళ్ళు దాటిన రాతి పనితనం, గంటసేపు ఆగితే చాలు. ఆగాల్సింది ఫలోడీ పక్కనే ఉన్న ఖీచన్ ఊళ్ళో. చలికాలంలో మంగోలియా, మధ్య ఆసియా వైపు నుంచి కుర్జా పక్షులు (డెమోయిసెల్ క్రేన్లు) వేలల్లో ఇక్కడికి వస్తాయి. బూడిదరంగు ఒళ్ళు, నల్లటి మెడ, కంటి వెనక తెల్లటి ఈకల కుచ్చు. ఊరివాళ్ళు వాటికి రోజూ గింజలు వేస్తారు, తరాలుగా నడుస్తున్న అలవాటు ఇది. 2025లో ఖీచన్‌కి అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు కూడా వచ్చింది. పొద్దున్నే వెళ్ళాలి. మొదట దూరంగా అరుపులు వినిపిస్తాయి, తర్వాత గుంపులు గుంపులుగా దిగుతూనే ఉంటాయి. నా ప్రయాణం మొత్తంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత గొప్ప దృశ్యం మరొకటి లేదు. అయినా జైసల్మేర్ వెళ్ళే టూరిస్టుల్లో చాలామంది ఇటు తిరగకుండానే పోతారు. నాకు నిజంగా బాధనిపించింది.

బస విషయానికొస్తే, పోఖ్రాన్‌కి కాస్త ముందుండే రామ్‌దేవ్‌రా బడ్జెట్ ప్రయాణికులకి మంచి మజిలీ. పూర్వకాలపు జానపద దైవం బాబా రామ్‌దేవ్ (యోగా గురువు కాదు) సమాధి ఉన్న యాత్రాస్థలం, హిందువులూ ముస్లింలూ ఇద్దరూ మొక్కుతారు. ధర్మశాలలు చాలా ఉన్నాయి. గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది, బండి లోపలే పెట్టుకోనిచ్చారు. భాద్రపద మాసంలో జాతర జరుగుతుంది, అప్పుడు మాత్రం ఇక్కడ బస మీద ఆశ పెట్టుకోవద్దు. పోఖ్రాన్‌లో 1974, 1998 అణుపరీక్షల స్థలం చూడొచ్చేమో అని కొందరు అడుగుతుంటారు. అది సైన్యం అధీనంలో ఉన్న ప్రాంతం, వెళ్ళనివ్వరు.

జైసల్మేర్ కోట లోపలే బస చేయాలని అందరికీ ఉంటుంది. 1156లో రావల్ జైసల్ కట్టించిన ఆ పసుపు రాతి కోటలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు, 2013లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. కానీ దాన్ని కట్టింది నీళ్ళు బిందెలతో మోసుకునే రోజుల్లో. ఇప్పుడు నీళ్ళు పైపుల్లో వచ్చి వాడకం పెరిగాక మురుగునీరు గుట్టలోకి ఇంకి పునాదుల్నీ బురుజుల్నీ దెబ్బతీస్తోంది. లోపల హోటళ్ళు పెరిగేకొద్దీ ఆ భారం పెరుగుతుంది. అందుకే నేను కోట బయట హాస్టల్లో దిగాను. మంచం అయిదొందల లోపే, పైగా మేడమీద నుంచి కోట మొత్తం కనిపించింది. లోపల దిగితే ఆ దృశ్యమే ఉండదు కదా. జైన మందిరాలు, ఇరుకు సందులు పగలు తీరిగ్గా తిరిగి చూడొచ్చు.

అసలు ఎడారి రామ్‌గఢ్ దాటాకే మొదలవుతుంది. జైసల్మేర్, రామ్‌గఢ్, తనోట్, లోంగేవాలా, మళ్ళీ జైసల్మేర్, అంతా కలిపి సుమారు 270 కిలోమీటర్లు. చీకటి ఉండగానే లేచి తెల్లారేసరికి బయల్దేరితే ఒక్క రోజులో అయిపోతుంది. రామ్‌గఢ్‌లో ట్యాంకు నింపుకోండి, తినగలిగినంత తినండి, తాగేనీళ్ళు కనీసం నాలుగు లీటర్లు వెంట ఉంచుకోండి. నగదు కూడా ఉండాలి. సిగ్నల్ పోయిందంటే ఫోన్ పేతో పని జరగదు. పంక్చర్ కిట్ వాడటం వచ్చి ఉంటేనే ఒంటరిగా ఈ దారి పట్టండి.

రోడ్డు మాత్రం అద్భుతం. సరిహద్దు దారులు కాబట్టి నున్నగా ఉంటాయి, అరగంటకో బండి ఎదురైతే గొప్ప. ఆ నున్నదనాన్ని నమ్మి వేగం పెంచితే ప్రమాదం. గాలికి ఇసుక వచ్చి రోడ్డుకి అడ్డంగా పేరుకుంటుంది. ముందు చక్రం దాని మీదికి ఎక్కిందంటే బండి జారిపోతుంది. ఒంటెలు, గొర్రెల మందలు ఎప్పుడు అడ్డొస్తాయో తెలియదు. చీకటి పడ్డాక ఇక్కడ బండి నడపొద్దు.

తనోట్ మాత గుడిని బీఎస్ఎఫ్ జవాన్లే చూసుకుంటారు. 1965 యుద్ధంలో పడి పేలకుండా మిగిలిన బాంబులు లోపల అద్దాల వెనక పెట్టారు. భక్తులు మొక్కుకుని కట్టిన చేతిరుమాళ్ళు కనిపిస్తాయి. గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. ఇంకా ముందుకి సరిహద్దు దాకా వెళ్ళాలంటే బీఎస్ఎఫ్ అనుమతి తప్పనిసరి. నేను అడగలేదు, గుడి దగ్గర జవాన్లతో టీ తాగుతూ మాట్లాడటమే నాకు ఎక్కువనిపించింది. ఒంటరిగా వచ్చానని తెలిసి, వెళ్ళేముందు టైర్లలో గాలి వాళ్ళే చూసి పంపించారు.

లోంగేవాలాలో 1971 డిసెంబరు 4 రాత్రి మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురీ నాయకత్వంలో 120 మంది దాకా సైనికులు పాకిస్తాన్ ట్యాంకుల దళాన్ని తెల్లారేదాకా నిలువరించారు. తెల్లారాక జైసల్మేర్ నుంచి మన వాయుసేన హంటర్ యుద్ధ విమానాలు వచ్చాయి. అక్కడ వదిలేసిపోయిన ట్యాంకులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి పక్కన నాలుగడుగులు రోడ్డు దిగి నడవండి. చీలమండ దాకా ఇసుకలో దిగబడిపోతుంటే, అంత బరువైన ట్యాంకులు ఎందుకు చిక్కుకుపోయాయో ఏ బోర్డూ చదవకుండానే అర్థమవుతుంది.

చివరికి సమ్ తిన్నెలు, జైసల్మేర్ దగ్గరే ఉన్న ఖూరీ ఊరి సంగతి. సమ్‌లో ఒక క్యాంపులో అడిగితే మనిషికి మూడు వేల పైమాటే చెప్పారు, జీపు, ఒంటె వేరే. పక్క క్యాంపుల డీజే మోత అర్ధరాత్రి దాకా తగ్గదు. ఖూరీలో తిన్నెలు సమ్ అంత ఎత్తు లేవు, కానీ మట్టి గోడల ఇంట్లో గది, రెండు పూటలా భోజనం కలిపి పన్నెండొందలు అయింది. సజ్జ రొట్టె, మజ్జిగ, కేర్ సాంగ్రీ కూర పెట్టారు. ఆ సాంగ్రీ అంటే మన జమ్మి చెట్టు కాయలే! తెలంగాణకీ రాజస్థాన్‌కీ రాష్ట్ర వృక్షం ఒకటే. జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో 1730లో ఈ చెట్లని నరకనివ్వకుండా అమృతాదేవితో సహా 363 మంది బిష్ణోయ్‌లు ప్రాణాలిచ్చారు. ఇది తెలిశాక ఆ కూర వదిలిపెట్టాలనిపించలేదు.

ఖూరీలో స్నానానికి ఒక బకెట్ నీళ్ళే ఇస్తారు, షవర్ కావాలనుకునేవాళ్ళు జైసల్మేర్‌లోనే ఉండటం మంచిది. ఒంటె సవారీ కావాలంటే హోటలువాళ్ళతో కాకుండా ఊళ్ళో ఒంటె యజమానితోనే మాట్లాడుకోండి. డబ్బు నేరుగా ఆయన చేతికే వెళ్తుంది, పొద్దెక్కకముందే తిన్నెల మీదికి తీసుకెళ్ళడానికీ ఒప్పుకుంటారు. గది కోసం ముందురోజే ఫోన్ చేసి చెబితే ఇంటివాళ్ళు సాంగ్రీ నానబెట్టి ఉంచుతారు.