టిప్పు ఎక్కడ ఎంత: డాలస్ నుంచి రామప్ప దాకా

హన్మకొండ టిఫిన్ సెంటర్లో టిప్పు ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు. ఫ్యామిలీ రెస్టారెంట్‌లో అయితే బిల్లుతో వచ్చిన సోంపు ప్లేటులో పదో ఇరవయ్యో పెట్టి లేస్తాం. పెట్టకున్నా ఎవరూ ఏమీ అనరు. ఇదే అలవాటుతో అమెరికాలో కొడుకు దగ్గరికో బిడ్డ దగ్గరికో వెళ్లే పెద్దవాళ్లకు అక్కడి పద్ధతి ముందే తెలిసి ఉండాలి.

అక్కడ టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన కనీస కూలి, ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) చట్టం ప్రకారం, గంటకు 2.13 డాలర్లే. 1991 నుంచి అది పెరగలేదు. మామూలు కనీస వేతనం 7.25 డాలర్లు. ఆ తేడా టిప్పులతో పూడాలి, పూడకపోతే మిగతాది యజమాని కలపాలి. టెక్సాస్‌లో ఇదే లెక్క. కాలిఫోర్నియాలో సర్వర్‌కూ పూర్తి కనీస వేతనం ఇస్తారు, అయినా టిప్పు ఆనవాయితీ అక్కడా ఉంది. కాబట్టి అమెరికాలో బయట తిందామనుకున్నప్పుడే టిప్పును భోజనం ఖర్చులో కలిపి లెక్క వేసుకోవాలి.

డాలస్‌లో 60 డాలర్ల భోజనం చేశారనుకోండి. 8.25 శాతం పన్ను 4.95. టిప్పు లెక్క పన్ను మీద కాదు, 60 మీద. 18 శాతం అంటే 10.80. కార్డు గీకి తెచ్చిన రసీదులో టిప్పు గీత మీద 10.80, మొత్తం దగ్గర 75.75 రాసి సంతకం పెట్టి, హోటల్ వాళ్ల కాపీ టేబుల్ మీదే వదలాలి. రెండు కాపీలూ జేబులో వేసుకొని వస్తే టిప్పు అసలు పడదు. నగదు ఇస్తుంటే టిప్పు గీతను కొట్టేయండి. ఆరుగురో అంతకన్నా ఎక్కువమందో కూర్చుంటే చాలాచోట్ల 18 శాతం ముందే బిల్లులో కలుపుతారు. అది చూసుకోక మళ్లీ రాసేవాళ్లు బోలెడుమంది. కౌంటర్ దగ్గర కాఫీ చేతికిచ్చి, తెర మీద 20 శాతం, 25 శాతం చూపిస్తే మొహమాటపడక్కర్లేదు, 'నో టిప్' నొక్కొచ్చు.

హోటల్ గదికి రోజుకు 2 నుంచి 5 డాలర్లు. చివరి రోజు ఒకేసారి పెడితే ముందురోజుల్లో శుభ్రం చేసిన మనిషికి అందదు, రోజుకొకరు మారుతుంటారు. పైన 'థాంక్యూ' అని చీటీ ఉంచండి, లేకపోతే మీరు మరిచిపోయిన డబ్బనుకొని ముట్టరు. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ ఉచితం, డబ్బు అడిగే హక్కు ఎవరికీ లేదు. కానీ ఇమిగ్రేషన్ దాటించి, బ్యాగులు తీయించి, గేటు బయట కొడుకుకు అప్పగించే మనిషికి 5 నుంచి 10 డాలర్లు ఇవ్వడం ధర్మం. ఇక్కడ రూపాయలు మార్చుకునేటప్పుడే ఒకటి, అయిదు డాలర్ల నోట్లు అడిగి తీసుకోండి. వంద నోటు పట్టుకుంటే ఇవ్వాలని ఉన్నా ఇవ్వలేరు.

దుబాయి లెక్క వేరు. పెద్ద హోటళ్ల రెస్టారెంట్లలో సర్వీస్ ఛార్జి, మున్సిపాలిటీ ఫీజు, 5 శాతం వ్యాట్ బిల్లులోనే వస్తాయి, లేదా ధరలోనే కలిసి ఉంటాయి. ఆ సర్వీస్ ఛార్జి మొత్తం పనివాళ్లకు చేరుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. టాక్సీకి మీటరును పైఅంకెకు సరిచేసి ఇస్తే చాలు. గది ఊడ్చేవాళ్లలో, సామాను మోసేవాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ మనుషులు కనిపిస్తారు. 5 దిర్హాములంటే మన లెక్కలో వందకు పైనే. అవి నేరుగా చేతిలో పెట్టండి.

సింగపూర్ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీస్ ఛార్జి, దాని మీద 9 శాతం జీఎస్టీ అదనం. 50 డాలర్ల భోజనం 59.95 అవుతుంది. ఇంక టిప్పు అక్కర్లేదు. జపాన్‌లో అసలే వద్దు, టేబుల్ మీద వదిలిన చిల్లరను తిరిగివ్వడానికి వెనకాలే పరుగెత్తుకొస్తారు. ఫ్రాన్స్‌లో సర్వీస్ ధరలోనే ఉంటుంది.

ఇక మన దగ్గర. బిల్లులో సర్వీస్ ఛార్జి తమంతట తామే కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. తీసేయమనండి, తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఇంకో మాట, టేబుల్ మీది క్యూఆర్ కోడ్‌కు ఫోన్‌పేలో కలిపి కొట్టిన టిప్పు ఓనరు ఖాతాలో పడుతుంది. సర్వర్‌కు ఇవ్వాలంటే నోటే ఇవ్వాలి.

విదేశాల్లో లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు కూడా రామప్ప గుడి ఉన్న పాలంపేట వచ్చేసరికి మరిచిపోతారు. రామప్ప గుడిలో స్తంభాల మీద దారమంత సన్నని సందులను టార్చి వేసి ఓపికగా చూపించే గైడుకు, మాట్లాడుకున్న రేటు మీద వందో రెండొందలో ఇవ్వడం న్యాయం. రేటు మాత్రం గుడిలోకి అడుగుపెట్టకముందే తేల్చుకోండి. లక్నవరం చెరువు దగ్గరి కాటేజీల్లో గది శుభ్రం చేసేవాళ్లకు రోజుకు యాభై పెట్టండి. వరంగల్ నుంచి మాట్లాడుకున్న కారుకు డ్రైవర్ బత్తా కిరాయిలోనే ఉందా, రాత్రి ఆగితే విడిగా ఎంత అన్నది బయల్దేరకముందే అడగాలి. బత్తా అతని తిండి ఖర్చు, టిప్పు కింద జమ కాదు. రామప్ప, లక్నవరం ఒకే రోజు తిప్పి రాత్రి ఇంటి ముందు దింపిన డ్రైవర్‌కు బత్తా కాక రెండొందలు ఇవ్వండి, అదీ ట్రావెల్స్ ఆఫీసులో కాదు, అతని చేతికే.