తొమ్మిదేళ్లు, పన్నెండున్నర సెంటీమీటర్లు

2016 జూలైలో బెంగళూరు నుంచి అనంతపురం వచ్చే బస్సులో, చొక్కా జేబులో రెండు మాత్రల డబ్బాలు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఒక్కో డబ్బాలో తడిపిన దూది, దాని మీద పెసరగింజంత ఒంటితో ఒక సాలీడు పిల్ల. రెండూ ఒకే గుడ్ల సంచిలోంచి వచ్చినవి. జాతి మెక్సికన్ రెడ్ నీ టరాంటులా. కాళ్లు చాపితే సెంటీమీటరు. రెండిటికీ కలిపి మూడు వేలు తీసుకున్న అమ్మకందారు, మూడేళ్లలో అరచేయంత అవుతాయని మాటిచ్చాడు. వాటిలో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. అరచేయంత కావడానికి దానికి ఎనిమిదేళ్లు పట్టింది.

మా అమ్మ అదే నెలలో పెరట్లో కరివేపాకు మొక్క నాటింది. ఇప్పుడు వీధిలో సగం ఇళ్లు ఆ చెట్టు రెబ్బలతోనే తాలింపు వేసుకుంటున్నాయి. నేను సాలీడు కొలత చెప్పినప్పుడల్లా ఆమె మాట్లాడదు, కిటికీలోంచి ఆ చెట్టు వైపు చూస్తుంది.

నెమ్మదిగా పెరిగే జాతిని తెచ్చుకోవాలనుకునేవారు అడిగే మొదటి ప్రశ్న, ఎన్నాళ్లకు పెద్దదవుతుందని. దానికి ఒక్క అంకెతో జవాబు చెప్పేవారిని నమ్మవద్దు. నా నోటుబుక్కులో ఒకే తల్లి పిల్లలకు రెండు వేర్వేరు జవాబులు ఉన్నాయి.

ముందు కొలత సంగతి. సాలీడు ఒంటి మీద తొడుగు గట్టిది, సాగదు. సాగేది పొట్ట ఒక్కటే. అందుకే ఎంత తిన్నా కాళ్లూ రొమ్ముభాగమూ వెంట్రుకవాసి కూడా పెరగవు. కుబుసం విడిచిన ఆ కొద్ది గంటల్లోనే, కొత్త తొడుగు మెత్తగా ఉన్నప్పుడే పెరుగుదల అంతా జరిగిపోతుంది. ఆరు నెలలు ఏమీ జరగదు, ఒక రాత్రి అంతా జరుగుతుంది. మొదట్లో నేను విడిచిన కుబుసాన్ని స్కేలు మీద పరిచి కొలిచేవాడిని. అది తప్పు. ఆరిన కుబుసంలో కాళ్లు ముడుచుకుంటాయి. నమ్మదగినది వీపు మీది పెంకు ఒక్కటే. అది వంకరపోదు, వెర్నియర్‌తో కొలవవచ్చు. కాళ్ల కొలతకు మాత్రం అడుగు కనిపించే ప్లాస్టిక్ డబ్బా కింద స్కేలు పెట్టి, అది తీరిగ్గా చాపుకుని ఉన్నప్పుడు ఫోటో తీస్తాను. ముందు కాలి కొస నుంచి ఎదురు వైపు వెనక కాలి కొస వరకు, ఐమూలగా.

రెండిటినీ వేరు వేరు చోట్ల పెట్టింది ప్రయోగం చేద్దామని కాదు. మిద్దె మీద నా రేకుల గదిలో బల్లకు ఒక మూలే ఖాళీగా ఉంది, రెండో డబ్బా కింద వంటగది పక్క గూట్లోకి వెళ్లింది. పేర్లు పెట్టలేదు. పైది, కిందిది, అంతే. పైది నా కళ్ల ముందు ఉండేది కనుక వారానికి రెండు మూడుసార్లు తిండి పడేది. కిందిదానికి వారం పది రోజులకు ఒకసారి, అదీ గుర్తొస్తే.

ఏడాది తిరిగేసరికి పైది ఆరుసార్లు కుబుసం విడిచి 3.5 సెంటీమీటర్లకు వచ్చింది. కిందిది నాలుగుసార్లు, 2.5. 2019 వేసవికి పైది 9 సెంటీమీటర్లు, కిందిది 5.5. సాలీడుకు సొంత వేడి లేదు, గది ఎంత వేడిగా ఉంటే దాని ఒంట్లో పనులు అంత వేగంగా నడుస్తాయి. చలిదేశాలవారు శీతాకాలంలో కరెంటు ఖర్చు పెట్టి వెచ్చబెట్టుకునే పనిని మన ఊరి ఎండ ఉచితంగా చేసిపెడుతుంది. ఆ సంగతి తెలిసి నేను కొంత గర్వపడ్డాను కూడా.

ఆ గర్వం 2018 మేలో దిగింది. పెళ్లికని కదిరి వెళ్లి రెండు రాత్రులు ఉండి వచ్చాను. రేకుల గది తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టుంది. నీళ్ల మూత ఎండిపోయింది. పైది ఎనిమిది కాళ్లూ కడుపు కిందికి ముడుచుకుని పడి ఉంది. సాలీడుకు కాళ్లు ముడవడానికి కండరాలు ఉన్నాయి కానీ చాపడానికి ప్రధానంగా ఒంట్లోని ద్రవం ఒత్తిడే ఆధారం. ఒంట్లో నీరు తగ్గితే ఆ ఒత్తిడి పోతుంది, కాళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి. కిందికి తెచ్చి, మూతలో నీళ్లు పోసి, నోరు నీటికి తగిలేలా అంచున పెట్టాను. ముక్కు లాంటిది అక్కడ ఉండదు, ఊపిరి తీసేది పొట్ట కింది భాగంలో, కనుక మునుగుతుందన్న భయం లేదు. గంటన్నరకు ఒక కాలు కదిలింది. రాత్రి పదింటికి లేచి నిలబడింది. నేను అన్నం తినలేదని మా ఆవిడ అప్పుడు గుర్తుచేసింది.

2019 నవంబరులో పైది పదమూడోసారో పద్నాలుగోసారో కుబుసం విడిచింది, నా లెక్కలో అక్కడ ఒక నెల పేజీ తడిసిపోయింది. బయటికి వచ్చిన సాలీడు వేరే జంతువులా ఉంది. కాళ్లు పొడుగు, పొట్ట చిన్నది, ముందు కాళ్ల లోపలి వైపు చిన్న కొక్కేలు, నోటి పక్క చేతుల కొసలు బాక్సింగ్ తొడుగుల్లా ఉబ్బి ఉన్నాయి. మగది. 11.5 సెంటీమీటర్లు. మగది ఆ చివరి కుబుసం తర్వాత ఇక పెరగదు, ఎక్కువ కాలం బతకదు కూడా. తిండి మానేసి రాత్రంతా డబ్బా గోడలు ఎక్కుతూ ఆడదాని కోసం తిరిగేది. 2021 ఫిబ్రవరిలో పోయింది. నాలుగున్నరేళ్లు.

నేను తొందరపెట్టినందుకే తొందరగా పోయిందా? కొంతవరకు అవుననే అనుకుంటాను. మగవి ఎలాగూ ముందే పెద్దవవుతాయి, కనుక నేరమంతా రేకుల గదిది కాదు. కానీ కిందిది మగదై ఉంటే, ఆ గూట్లో, ఆ అరకొర తిండితో, ఇంకో రెండేళ్లయినా ఉండేదని నా లెక్క. ఎక్కువ తిండి, ఎక్కువ వేడి ఇచ్చి పెంచితే మనకు దక్కేది పెద్ద సాలీడు. పోయేది దాని ఆయుష్షులోంచే.

కిందిది ఆడది. 2019లోనే దాని కుబుసాన్ని సబ్బునీళ్లలో నానబెట్టి, పొట్ట తొడుగు విప్పి, మొదటి జత ఊపిరి మచ్చల మధ్య వీర్యం దాచుకునే సంచిని భూతద్దంతో చూశాను. ఈ జాతి ఆడవి పాతికేళ్లకు పైగా బతుకుతాయి. ఆ సాయంత్రం ఇంట్లో ఆ మాట చెబితే కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా ఆవిడ, "అంటే అమ్మాయి పెళ్లి నాటికీ ఇది ఉంటుందన్నమాట" అంది.

దాని లెక్క ఇది. తొలి ఏడాది నాలుగు కుబుసాలు, మలి ఏడాది మూడు, తర్వాత రెండేసి, 2021 నుంచి ఏడాదికి ఒకటి. 2020లో 6.5 సెంటీమీటర్లు, 2022లో 9. 2023లో అసలు విడవనే లేదు. ఆ ఏడు ఉగాది తర్వాత తిండి ముట్టడం మానేసింది. బొద్దింక పిల్లను వేస్తే కాలితో పక్కకు తోసింది. కుండపెంకు కింద తవ్వుకున్న బొరియకు మట్టీ పట్టూ కలిపి తలుపు కట్టేసింది. ఏడు నెలలు. నేను రోజూ టార్చి వేసి చూసేవాడిని, నిజానికి అది చేయకూడని పని. నీళ్లు మార్చడం తప్ప మనిషి చేయగలిగింది ఏమీ లేదు. పొట్ట ముడతలు పడనంత వరకు ఉపవాసం రోగం కాదు. 2024 జనవరిలో తలుపు తెరుచుకుంది. కుబుసం బయటికి విసిరేసి ఉంది, కొత్త మోకాళ్లు మోదుగపువ్వు రంగులో ఉన్నాయి. కొలిస్తే 12. కోరలు తెల్లగా, మెత్తగా ఉన్నాయి కనుక రెండు వారాలు తిండి వేయలేదు. పోయిన ఏడాది ఇంకోసారి విడిచి అర సెంటీమీటరు పెరిగింది. అక్కడే ఉంది.

పోలికకు ఇంకో రెండు మాటలు. 2018లో తెచ్చిన బ్రెజిలియన్ బ్లాక్ జాతి టరాంటులా ఇంకా నెమ్మది, ఏడేళ్లకు 11 సెంటీమీటర్లు. కానీ నల్ల వెల్వెట్ గుడ్డ లాంటి ఆ ఒళ్లు, ఆ సాధుగుణం చూస్తే ఫిర్యాదు నోటికి రాదు. కర్నూలులో నా మిత్రుడి దగ్గర ఉన్న కర్లీ హెయిర్ జాతిది అంతే కొలతకు నాలుగేళ్లలో వచ్చింది. త్వరగా ఫలితం కావాలంటే అదే మేలు. అమెరికా నైరుతి ఎడారుల్లో ఉండే ఆఫోనోపెల్మా టరాంటులాలు వీటన్నిటికంటే నిదానమైనవి, వాటి జోలికి నేను పోలేదు.

అనంతపురంవాడినని తెలియగానే బయటి ఊళ్ల పెంపకందారులు అడిగే ప్రశ్న ఒకటుంది: గుత్తి నీలం సాలీడు దొరుకుతుందా? గుత్తి మాకు గంట ప్రయాణం. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు ఆ ఊరి రైల్వే కలప నిల్వల్లో దొరికిన ఒక సాలీడును చూసి దానికి పొయెసిలోథేరియా మెటాలికా అని పేరు పెట్టాడు. తర్వాత నూరేళ్లకు, 2001లో, నంద్యాల గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. బహుశా ఆ మొదటిది కలపతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుంది. చెట్టు తొర్రల్లో ఉంటుంది, మెరుపులా పరిగెడుతుంది, మా కిందిది పదేళ్లకు చేసే పని రెండు మూడేళ్లలో చేసేస్తుంది. అంతరించే అంచున ఉన్న జీవి అది. దాన్ని అడవిలోంచి పట్టి తెచ్చే మాట నా దగ్గర ఎత్తవద్దని చెబుతాను.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. రెడ్ నీ 1985 నుంచి సైటిస్ (వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. 2020లో కేంద్ర పర్యావరణ శాఖ స్వచ్ఛందంగా వివరాలు ఇవ్వమన్నప్పుడు నేను పరివేష్ పోర్టల్లో నమోదు చేశాను. 2022 సవరణతో వన్యప్రాణి చట్టంలోనే నమోదు తప్పనిసరి అయింది. అమ్మేవాడు అవసరం లేదంటే లేచి వచ్చేయండి. రెడ్ నీ శాస్త్రీయ నామంతో కూడా ఒక చిక్కుంది: నా నోటుబుక్కు అట్ట మీద స్మితీ అని ఉంటుంది, 2017 తర్వాతి పేజీల్లో హమోరీ. పెంపకంలో స్మితీగా చలామణి అయినవి చాలావరకు హమోరీలేనని ఆ ఏడు తేలింది.

ఖర్చు తక్కువ. కొబ్బరి పీచు పొడి నర్సరీలో, కుండపెంకు పెరట్లో దొరుకుతాయి. పొలాల్లో పట్టిన మిడతలు మాత్రం వేయవద్దు, వేరుశనగకు ఏ మందు కొట్టారో మీకు తెలియదు. బొద్దింకలను విడిగా పెంచుకుంటున్నాను. మా అమ్మకు సాలీడు కంటే వాటి మీదే ఎక్కువ అభ్యంతరం. డబ్బా ఎత్తు తక్కువగా ఉండాలి, బరువైన పొట్టతో కింద పడితే పగిలి చస్తుంది. చేతిలోకి తీసుకోవద్దు. పొట్ట మీది నూగు రాల్చిందంటే ఆ దురద మూడు రోజులు.

ఆ నూగు రాల్చుకున్న చోట బట్టతల మచ్చ ఒకటి ఉంటుంది. మామూలుగా లేతరంగు. పోయిన వారం నుంచి అది నల్లబడుతోంది, అంటే లోపల కొత్త నూగు సిద్ధమైంది. నిన్న బొరియకు తలుపు కట్టేసింది. ఈసారి పదమూడు దాటుతుందని మా అమ్మాయి పందెం. దాటదని నాది.