మాంటిస్సోరి, రెజియో, హైస్కోప్: చిన్నపిల్లల క్లాసుకి ఏది మేలు?

కొత్తగా ప్రీస్కూల్ పెట్టేవాళ్లు, అందులో చేరబోయే టీచర్లు తరచుగా అడిగే మాట ఇది. ఏ పద్ధతి బ్రోషర్ చూసినా "పిల్లలే కేంద్రం", "ఆటపాటలతో చదువు" అనే ఉంటుంది కాబట్టి తేడా అంతుపట్టదు. నేనైతే ఒక్క విషయమే చూస్తాను. పిల్లాడు ఏదో చేస్తూ మధ్యలో ఆగిపోయాడు. అప్పుడు ఆ పద్ధతి టీచర్ని ఏం చేయమంటుంది? చూస్తూ ఊరుకోమంటుందా, కల్పించుకోమంటుందా?

ట్రైనింగ్‌లో పియాజే, వైగోట్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తల్ని పక్కపక్కనే చదివి, పరీక్ష రాసి మర్చిపోతాం. అసలు తగువు వాళ్ల దగ్గరే ఉంది. రెండు ఒకే రకం గ్లాసుల్లో నీళ్లు సమానంగా పోసి, ఒకదాంట్లోవి సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసులోకి ఒంపితే, నాలుగేళ్ల పిల్లలు చాలామంది పొడుగు గ్లాసులోనే ఎక్కువున్నాయంటారు. "కాదమ్మా, రెండూ సమానమే" అంటే తలూపుతారు. కాసేపాగి అడిగితే మళ్లీ పాత జవాబే. రెండు నుంచి ఏడేళ్ల దాకా ఉండే ఈ దశలో చెప్పి ఒప్పించడం కన్నా చేతులతో ఒంపుకోనివ్వడమే మేలన్నది పియాజే నుంచి టీచర్లు తీసుకున్న పాఠం. అదే 1896లో పుట్టిన వైగోట్‌స్కీ చూపు వేరు: ఒంటరిగా చేయలేని పనిని పక్కన పెద్దవాళ్లుంటే పిల్లలు చేయగలరు, నేర్పాల్సింది సరిగ్గా ఆ మేరకే. పద్ధతులన్నీ ఈ ఇద్దరి మధ్య ఎక్కడో ఒకచోట నిలబడతాయి.

మాంటిస్సోరి పద్ధతి ఊరుకోమనే వైపు ఉంటుంది. డాక్టరైన మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో మొదటి బడి తెరిచింది. ఆమె సామగ్రిలో ఒక చెక్కదిమ్మ ఉంటుంది. దానికి పది గుంటలు, వాటిలో పట్టే పది పిడి ఉన్న దిమ్మెలు. ఒక సన్నదాన్ని పెద్ద గుంటలో పెట్టేస్తే అప్పటికి ఏమీ తెలియదు. చివరికి చేతిలో ఒకటి మిగులుతుంది, ఉన్న గుంటలో అది పట్టదు. పిల్లాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు, నొక్కుతాడు, తర్వాత ఒక్కొక్కటీ బయటికి తీయడం మొదలుపెడతాడు. టీచర్ నోరు విప్పక్కర్లేదు, తప్పు సంగతి వస్తువే చెప్పేసింది. ఇంత చక్కటి ఏర్పాటు మిగతా రెండు పద్ధతుల్లోనూ లేదు.

ఫలితాలూ బాగున్నాయి. అమెరికాలోని మిల్వాకీలో ఒక మాంటిస్సోరి బడికి లాటరీలో సీటొచ్చిన పిల్లల్నీ రానివాళ్లనీ పోల్చిన అధ్యయనం 2006లో వచ్చింది. ఐదేళ్ల వయసుకి అక్షరాల్లోనూ లెక్కల్లోనూ బడిలో చేరినవాళ్లే ముందున్నారు. అయితే అది పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించిన బడి. మాంటిస్సోరి అన్న పేరు చాలా దేశాల్లో ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. ట్రైనింగ్ లేకుండా సెట్టు మాత్రం కొని, పిల్లలు పాడుచేస్తారేమోనన్న టెన్షన్‌తో బీరువాలో పెట్టి తాళం వేసే చోట్లున్నాయి. ఇంకొక లోటు, సామగ్రిని దాని పనికే వాడాలి. ఒకదాని మీద ఒకటి పేర్చాల్సిన పింక్ టవర్ దిమ్మెల్ని బస్సు చేసి నడిపే పిల్లకి అక్కడ పెద్దగా చోటు లేదు.

రెజియో గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇటలీలోని రెజియో ఎమీలియా దగ్గర ఊరివాళ్లు జర్మన్ సైన్యం వదిలేసిన ట్యాంకు, ట్రక్కులు, గుర్రాలు అమ్మి బడి కట్టుకున్నారు. లోరిస్ మలగుజ్జి వాళ్లతో చేయి కలిపాడు. ముందే రాసిపెట్టుకున్న సిలబస్ ఉండదు. పిల్లలు నీడల గురించి అడిగితే వారాల తరబడి నీడల మీదే పని. టీచర్ వాళ్ల మాటలు రాసుకుని, బొమ్మలు దాచి, మర్నాడు వాటి నుంచే ముందుకెళ్తుంది. అక్కడ క్లాసుకి ఇద్దరు టీచర్లు, బడికొక ఆర్ట్ నిపుణుడు ఉంటారు. ఒక్క టీచర్ పాతికమందిని చూసుకునే చోట ఇది నడవదు. మహా అయితే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టడం దగ్గర ఆగిపోతుంది.

నా ఓటు హైస్కోప్‌కి. 1960ల్లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటిలో డేవిడ్ వైకార్ట్ బృందం పియాజే ఆలోచనల మీద దీన్ని కట్టింది. ప్లాన్ వేసుకోవడం, చేయడం, చేసింది చెప్పుకోవడం, రోజూ ఈ మూడే. వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. క్లాసులో ఇలా జరుగుతుంది:

"ఇవాళ ఏం చేస్తావు?"
"బ్లాకులు."
"బ్లాకులతో?"
"ఇల్లు. కుక్కకి."

అరగంట తర్వాత:

"కుక్క పట్టిందా ఇంట్లో?"
"లేదు. తోక బయటికొచ్చేసింది. గోడ జరిపాను."
"ఎటు జరిపావు?"

ఆ పిల్ల చేత్తో చూపిస్తుంది, "ఇటు, ఇంకొంచెం ఇటు" అంటుంది. కొలత, దిశ, కారణం, మాట అన్నీ అందులోనే వచ్చేశాయి. గోడ జరపాలన్న ఆలోచన ఆ పిల్లదే, దాన్ని మాటల్లోకి తెచ్చింది టీచర్ ప్రశ్న. పియాజే చెప్పిందీ వైగోట్‌స్కీ చెప్పిందీ ఒకే పూటలో ఇమడటం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఖరీదైన సెట్టు కూడా అక్కర్లేదు.

దీనికి సాక్ష్యంగా అందరూ పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనాన్ని చూపిస్తారు. 123 మంది పిల్లల్ని నలభై ఏళ్ల వయసు దాకా గమనిస్తే, ప్రీస్కూల్‌కి వెళ్లినవాళ్లు సగటున ఎక్కువ సంపాదించారు, తక్కువసార్లు అరెస్టయ్యారు. కానీ అక్కడ ఐదారుగురు పిల్లలకి ఒక టీచర్, దానికితోడు వారంవారం ఇంటికి వెళ్లి తల్లితో కూర్చునేవారు. పైగా వాళ్లని పోల్చింది ఏ ప్రీస్కూల్‌కీ వెళ్లని పిల్లలతో. కాబట్టి ఆ ఫలితాల్ని ప్లాన్-రివ్యూ ఖాతాలోనే వేయలేం. నేను హైస్కోప్‌ని ఎంచుకునేది ఆ అంకెల్ని చూసి కాదు, మామూలు టీచర్ మామూలు గదిలో రేపటి నుంచే మొదలుపెట్టగలదని.

మరి మూడూ కలిపేస్తే? కొంతవరకే కుదురుతుంది. గుంటల దిమ్మె, గరుకు కాగితం అక్షరాల్లాంటివి హైస్కోప్ గదిలో ఒక మూల హాయిగా ఉంటాయి. రెజియో నుంచి పిల్లల మాటలు ఉన్నదున్నట్టు రాసుకునే అలవాటు తీసుకోవచ్చు, వారానికి ఒక పిల్లవి చాలు. మాంటిస్సోరిలో మూడు గంటలు ఎవరూ అడ్డురాని పని సమయం మాత్రం హైస్కోప్ టైమ్‌టేబుల్‌తో పొసగదు. అక్కడ ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే.

మూడేళ్లు నిండనివాళ్లే ఎక్కువుంటే, ట్రైనింగ్ ఉన్న టీచర్ దొరికితే, మాంటిస్సోరి వైపు మొగ్గుతాను. ఆ వయసులో మాటల కన్నా చేతులే ముందుంటాయి. ఇద్దరు టీచర్లుండి, తల్లిదండ్రులు వర్క్‌షీట్ల కోసం ఒత్తిడి పెట్టకపోతే రెజియో దారిలో ప్రయత్నించొచ్చు. ముప్పైమందికి ఒక్కరే ఉంటే హైస్కోపే. కాకపోతే రోజూ అందర్నీ అడగాలని కూర్చోకండి, పూట అక్కడే అయిపోతుంది. రోజుకి ఆరుగురితో మాట్లాడండి. మిగతావాళ్లు గదిలో ఏ మూలకి వెళ్తారో ఆ మూలని గీసిన బొమ్మ మీద వేలు పెట్టి చూపించి వెళ్లిపోతారు.