పాడ్యమికి అల్లుడు, పున్నమికి బావమరిది: కడపలో మా చైత్రమాసం

చైత్రం వస్తే అమ్మకు భద్రాచలం ప్రయాణమే. మిథిలా స్టేడియంలో మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నం దాకా కూర్చుని, గులాల్ కలిపిన ఎర్రటి తలంబ్రాలు కొంగున ముడేసుకుని వచ్చేది. 2025లో మోకాళ్లు మొరాయించాయి. "ఆ ఎండలో పెళ్లి నా వల్ల కాదురా, రాత్రిపూట పెళ్లి చేసుకునే రాముడెవరైనా ఉంటే చూడు" అంది. ఉన్నాడు గదా, ఒంటిమిట్టలో! అక్కడ కల్యాణం నవమి నాడు కాదు, పున్నమి ముందు చతుర్దశి రాత్రి. పనిలో పనిగా ఉగాదికి దేవుని కడప కూడా చూడాలనిపించి, పన్నెండు రోజుల తేడాతో రెండుసార్లు కడపకు టికెట్లు తీశాను. ఆఫీసులో సెలవుల కోసం పడిన తిప్పలు మాత్రం అడగొద్దు.

కాచిగూడలో రాత్రి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే కడప. మొదటిసారి బస్టాండు పక్కన లాడ్జి తీసుకున్నాను. ఆన్‌లైన్ ఫొటోల్లో లిఫ్టు కనపడింది. వెళ్లాక దాని తలుపుకి అడ్డంగా కుర్చీ కనపడింది. మూడో అంతస్తు! అమ్మ ప్రతి మలుపులో ఆగి, మెట్లు లెక్కపెట్టి మరీ నాకు వినిపించింది. గది శుభ్రంగానే ఉంది గానీ, రాత్రంతా బస్సుల హారన్లే. పెద్దవాళ్లతో వెళ్తే ఫోన్ చేసి "లిఫ్టు ఉందా" అని కాదు, "లిఫ్టు పనిచేస్తోందా" అని అడగండి.

మార్చి 30, విశ్వావసు ఉగాది. దేవుని కడప ఊళ్లోనే. ఆటో అతను 200 అడిగి 120కి వచ్చాడు. ఇక్కడి లక్ష్మీ వేంకటేశ్వరస్వామిని తిరుమలకు గడప అంటారు. కొండకు పోయేవాళ్లు ముందు ఈ గడప తొక్కి పోవడం పాత ఆచారం, కడప పేరు కూడా దాన్నుంచే వచ్చిందని ఇక్కడివాళ్ల మాట. అన్నమయ్య ఈ కడపరాయుడి మీద కూడా కీర్తనలు కట్టాడు. అయితే ఉగాది పొద్దున మేము వెళ్లింది వాటి కోసం కాదు.

క్యూలో మా ముందు బురఖాల్లో ఆడవాళ్లు, టోపీలు పెట్టుకున్న పిల్లలు. చేతుల్లో కొబ్బరికాయలు, పూలు, ఒకావిడ సంచిలో బియ్యం, కందిపప్పు, బెల్లం, చింతపండు. వెంకన్న పెళ్లాడిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడపిల్ల అని వాళ్ల నమ్మకం. అంటే స్వామి అల్లుడు. కొత్త సంవత్సరం మొదటి రోజున అల్లుడింటికి వట్టి చేతులతో ఎవరైనా వస్తారా?

ఆ ఏడాది ఇంకో విశేషం ఉంది. అది రంజాన్ నెల, ఉగాది రోజున ఇరవైతొమ్మిదో రోజా. మా ముందున్న పెద్దావిడకు పూజారి తీర్థం పోస్తే, ఆవిడ నోటికి తీసుకోలేదు. చేతిని మెల్లగా తలకు తుడుచుకుంది. శఠగోపానికి తల వంచింది. కొబ్బరి చిప్పని రుమాల్లో చుట్టి సంచిలో అడుగున పెట్టుకుంది. అమ్మ ఊరుకోదుగా, పలకరించేసింది. "రోజా ఉండానమ్మా, పొద్దుగూకినాక తింటా" అంది ఆవిడ. "ఉపవాసంతో ఇంత ఎండలో రావాలా" అని అమ్మ అంటే, "బిడ్డనిచ్చిన ఇల్లు గదమ్మా, పండగపూట వచ్చి చూసిపోవాల" అని అంతే తేలిగ్గా చెప్పి చెప్పుల కోసం వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

దర్శనానికి గంటన్నర పట్టింది. ఏర్పాట్లు ఫరవాలేదు, నీడకు పందిళ్లు ఉన్నాయి. చెప్పుల దగ్గర మాత్రం గందరగోళం. ఏడు దాటకముందే వెళ్లగలిగితే హాయి. టిఫిన్‌కి ఎర్రకారం, పప్పులపొడి చల్లిన కారం దోశ తిన్నాం. ఉగాది పచ్చడిలో కూడా లేనంత కారం అందులో ఉంది.

ఆ రోజు మధ్యాహ్నానికే పాడ్యమి పోయి విదియ వచ్చింది. సాయంత్రం లాడ్జి మేడ మీదికెక్కితే చుట్టుపక్కల మేడలన్నిటి మీదా జనం, అందరూ పడమరకే చూస్తున్నారు. గోరు కత్తిరించి పడేసినంత సన్నటి నెలవంక. మాకు చైత్రం మొదలు, వాళ్లకు మర్నాడు పండగ. కింద టపాకాయలు మోగాయి.

ఆ నెలవంక నిండాక, ఏప్రిల్ 11న మళ్లీ దిగాం. ఈసారి రాజంపేట రోడ్డు వైపు, ఊరికి కాస్త ఎడంగా గది. అద్దె ఎక్కువే, లిఫ్టు పనిచేసింది, నిద్ర పట్టింది. దగ్గర్లో తిండి దొరకదు, అదొక్కటే లోటు. ఒంటిమిట్ట ఇక్కడికి పాతిక కిలోమీటర్లు. అక్కడే ఉండాలంటే గదులు తక్కువ, కల్యాణం రోజున అవి మనదాకా రావు. కడపలో దిగి ఆర్టీసీ స్పెషల్ బస్సులో పోవడమే మేలు.

పొద్దున్నే గుడికి వెళ్లాం. గర్భగుడిలో సీత, రాముడు, లక్ష్మణుడు ఒకే రాతిలో ఉన్నారు, అందుకే ఏకశిలానగరం అంటారు. పక్కన హనుమంతుడు లేడు. జాంబవంతుడు ప్రతిష్ఠించిన విగ్రహమట. రాముడికి హనుమతో పరిచయం కాకముందటి రూపం కాబట్టి లేడని చెబుతారు. ఆయనకు బయట ఎదురుగా వేరే గుడి ఉంది. ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు దొంగలు మారి కట్టించారని ఇంకో కథ. 1640లో ఇమాంబేగ్ అనే నవాబుగారి ఉద్యోగి "మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా" అని అడిగి, మూడుసార్లు రామా అని పిలిస్తే లోపలినుంచి "ఓ" అని వినపడిందట. ఆయన తవ్వించిన బావి పేరు ఇప్పటికీ ఇమాంబేగ్ బావే. గోపురం కింద నాకు గుర్తొచ్చింది మాత్రం వావిలికొలను సుబ్బారావుగారు. వాల్మీకి రామాయణాన్ని తెనిగించిన ఆ పెద్దమనిషి, టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా అడుక్కుని ఈ గుడిని బాగుచేయించారు.

మరి రాత్రి పెళ్లి ఎందుకు? చంద్రుడూ లక్ష్మీదేవీ పాలకడలిలో పుట్టిన అన్నాచెల్లెళ్లు. పట్టపగలు పెళ్లి చేసుకుంటే చూసేదెట్లా అని చంద్రుడు బాధపడితే, విష్ణుమూర్తి రామావతారంలో నీ వెన్నెల్లోనే చేసుకుంటానని మాటిచ్చాడట. కథ విని అమ్మ నవ్వలేదు. "చెల్లెలి పెళ్లి చూడనీకపోతే అలగడా మరి" అంది.

2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్ర ప్రభుత్వ లాంఛనాలు ఇక్కడికి వచ్చాయి, 2015 నుంచి గుడి టీటీడీ చేతిలో ఉంది. అందువల్ల కల్యాణవేదిక దగ్గర మజ్జిగ, అన్నప్రసాదం బాగా నడిచాయి. ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తెచ్చే హడావిడిలో మా బస్సుని చాలా దూరంలో ఆపేశారు. అమ్మను నడిపించుకుంటూ వెళ్లేసరికి మాకు దొరికింది వెనక గ్యాలరీ. పెళ్లంతా తెర మీదే చూశాం. ఇంకో ఫిర్యాదు: ఫ్లడ్‌లైట్లు. వెన్నెల్లో చేస్తామని మాటిచ్చిన పెళ్లిలో వెన్నెల ఎక్కడ పడుతుందో కనపడదు.

జీలకర్ర బెల్లం వేళకు తెరవైపు చూస్తున్న అమ్మ ఉన్నట్టుండి తల వెనక్కి తిప్పింది. తూర్పున, షెడ్డు అంచు మీదుగా వచ్చి నిలబడ్డాడు చంద్రుడు. "ఇతనికీ వెనక గ్యాలరీయే ఇచ్చారు పాపం" అంది.

తలంబ్రాల పొట్లం తీసుకుని రోడ్డెక్కేసరికి పదిన్నర. బస్సు కోసం గంటసేపు నిలబడ్డాం. లైట్లు లేని ఆ రోడ్డు మీద మా నీడలు స్పష్టంగా కనపడ్డాయి.