ముసలి కుందేలుకి క్రిటికల్ కేర్ పొడి: ప్యాకెట్ మీద రాయనివి కూడా కలిపి ఒక రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఆక్స్‌బో వాళ్ల క్రిటికల్ కేర్‌కి నేనిచ్చేది ఐదుకి నాలుగు. ఆ తగ్గించిన ఒక్కటి పొడి నాణ్యత గురించి కాదు. తిండి మానేసిన కుందేలు కడుపులోకి సిరంజితో పీచున్న ఆహారం చేర్చే విషయంలో దీనికి వంక పెట్టలేను. కాకపోతే ముసలి కుందేలు ఉన్న ఇంట్లో ఇది ఎంత బాగా పనిచేస్తుందంటే, అసలు బాధ ఎక్కడుందో, అది ఇంకా ఎన్నాళ్లు ఓర్చుకోగలదో అనే ప్రశ్నల్ని కూడా పక్కకి నెట్టేస్తుంది. తక్కువ వయసు కుందేలుకి రెండు మూడు రోజుల కోసం కొనేవాళ్లకి ఈ ఇబ్బంది ఉండదు, వాళ్లు హాయిగా ఐదు వేసుకోవచ్చు.

ఇంట్లో పెంచే కుందేళ్లు మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతాయి. మా చిట్టి పదేళ్లు దాటింది. వెన్నెముకలో స్పాండిలోసిస్ (వెన్నుపూసల అరుగుదల), వెనక కాళ్లకి కీళ్ల అరుగుదల, ఒక పక్క దవడ పళ్లు మొనదేలడం, ఇవన్నీ ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, ఎండుగడ్డి నమిలితేనే అరుగుతాయి. నొప్పి వల్ల నమలడం తగ్గితే పళ్లు ఇంకా మొనదేలతాయి, అవి నాలుకకి గుచ్చుకుంటే నమలడం ఇంకా తగ్గుతుంది. ఆ దశలోనే డాక్టరు ఈ పొడి ఇంట్లో పెట్టుకోమన్నారు.

ఇది ప్రధానంగా తిమోతి గడ్డితో చేసిన పొడి. సోంపు లాంటి వాసన ఉండే మామూలు రకం ఒకటి, యాపిల్-అరటి ఫ్లేవర్ ఒకటి ఉన్నాయి. ఫైన్ గ్రైండ్ అని ఇంకా మెత్తగా ఆడించినది వేరే వస్తుంది, సన్నటి ట్యూబుల్లోంచి ఇవ్వాల్సినప్పుడు అది. కొనేముందు ఇది చూసుకోండి, ఎందుకంటే మామూలు రకంలో పీచు ముక్కలు పెద్దవి, మందులకి వాడే 1 మి.లీ. సిరంజితో ఇద్దామని కూర్చుంటే మూతిలో ఇరుక్కుని, బలంగా నొక్కితే ఒక్కసారిగా బయటికి చిమ్ముతుంది. కుందేలు ముఖం మీద, మన చొక్కా మీద, గోడ మీద. మూతి వెడల్పుగా ఉన్న ఫీడింగ్ సిరంజి తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

కలపడం సులువే. ఒక వంతు పొడికి రెండు వంతుల గోరువెచ్చని నీళ్లు, కలిపి కొన్ని నిమిషాలు వదిలేయాలి, పొడి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. వదిలేయకుండా వెంటనే సిరంజిలోకి లాగితే లోపలే గట్టిపడుతుంది. చిట్టికి నీళ్లు తాగడం తగ్గింది కాబట్టి మేము కాస్త పల్చగానే కలిపేవాళ్లం, డాక్టరు చెప్పే చేశాం. కలిపినది ఫ్రిజ్‌లో 24 గంటల దాకా ఉంచొచ్చు. కానీ చల్లటిది నోట్లో పెడితే ఏ కుందేలూ ఊరుకోదు, గిన్నెని వేడినీళ్లలో పెట్టి వెచ్చబరచాలి. పూర్తిగా తిండి మానేసిన కుందేలుకి మామూలుగా చెప్పే లెక్క కిలో బరువుకి రోజుకి సుమారు 50 మి.లీ., విడతలుగా. సొంతంగా కొంచెం తింటున్న ముసలిదానికి అంత అక్కర్లేదు, ఎంతన్నది బరువు చూసి డాక్టరే చెప్పాలి.

తినిపించే పద్ధతి గురించి ప్యాకెట్ మీదున్న నాలుగు మాటలు సరిపోవు. ముఖ్యంగా నడుం నొప్పి ఉన్న జంతువుకి. కుందేలుని వెల్లకిలా పడుకోబెట్టి పట్టొద్దు, అలా చేస్తే కదలకుండా ఉండిపోతుంది గానీ అది ప్రశాంతత కాదు, భయంతో బిగుసుకుపోవడం. పైగా ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. నాలుగు కాళ్ల మీద, ఒంటికి తువ్వాలు చుట్టి, పక్క నుంచి మన పొట్టకి ఆనించి పట్టుకోవాలి. మా అక్క పట్టుకునేది, నేను తినిపించేదాన్ని. ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య ఖాళీ ఉంటుంది, సిరంజి మూతి ఆ పక్క సందులోంచి లోపలికి పోవాలి, ఎదురుగా కాదు. కొంచెం వదిలి ఆగాలి. దవడ పక్కలకి గిరగిరా తిరగడం కనిపిస్తుంది, మింగాక ముక్కు మళ్లీ కదలడం మొదలవుతుంది, అప్పుడు ఇంకొంచెం. "తొందరెందుకే, అది నములుతోంది కదా" అని అక్క నన్ను ప్రతిసారీ ఆపేది. అయ్యాక గడ్డం కింద బొచ్చు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడం మాత్రం మర్చిపోకండి. ఆ ముద్ద ఎండితే రాయిలా బిగుసుకుంటుంది, కింద చర్మం పుండవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ పొడి ఆహారం, మందు కాదు. కుందేలు తినడం మానేసిందంటే ఏదో ఒక కారణం ఉండే మానేస్తుంది, ముసలివాటిలో చాలాసార్లు ఆ కారణం నొప్పి. వాంతి చేసుకోలేని జంతువు ఇది, పేగులు ఆగిపోతే గ్యాస్ పేరుకుని పరిస్థితి గంటల్లో చేయిదాటుతుంది. పది పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు రాకపోయినా అది ఎమర్జెన్సీయే, తెల్లారాక చూద్దాం అనుకునే వ్యవహారం కాదు. పొట్ట గట్టిగా ఉబ్బి ఉంటే లోపల అడ్డు పడి ఉండొచ్చు, అప్పుడు సిరంజితో తినిపిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఒళ్లు చల్లబడిన కుందేలుకి కూడా ముందు వెచ్చదనం, తర్వాతే తిండి. వాటి మామూలు ఉష్ణోగ్రత 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్, మనకంటే ఎక్కువ. ప్యాకెట్ ఉంది కదా అని డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వేస్తే అది దుర్వినియోగమే.

చిట్టి విషయంలో తేడా కనిపించింది నొప్పి తగ్గించే మెలాక్సికామ్ మందు సరిగ్గా పడ్డాకే. దాని గురించి ఒక హెచ్చరిక. కుక్కలకి వచ్చే సస్పెన్షన్‌లో మి.లీ.కి 1.5 మి.గ్రా. ఉంటుంది, పిల్లులకి వచ్చేదాంట్లో 0.5 మి.గ్రా. అంటే మూడు రెట్ల తేడా. సీసా మారినప్పుడు పాత మి.లీ. లెక్కే కొనసాగిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కుక్కల మందుతో పాటు వచ్చే సిరంజి మీద గీతలు కుక్క బరువు ప్రకారం ఉంటాయి. కుందేలుకి కిలోకి డోసు కుక్క కంటే బాగా ఎక్కువ రాస్తారు, అందుకని ఆ సిరంజి పక్కన పడేసి మామూలు 1 మి.లీ. సిరంజి వాడండి, డాక్టరు చేత మి.లీ.ల్లోనే రాయించుకోండి. నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పనికొచ్చిన వస్తువు ఆ చిన్న సిరంజే. మందు తియ్యగా ఉంటుంది కాబట్టి చిట్టి దాన్ని తానే వచ్చి నాకేది. మందు వేసి, అది పట్టేదాకా ఆగి, తర్వాత పొడి తినిపిస్తే పెనుగులాట సగానికి సగం తగ్గింది. కొన్నిసార్లు మందు పడ్డాక గడ్డి తానే లాక్కుని తినేది, పొడి అవసరమే పడేది కాదు.

మొదట మేము వెళ్లిన క్లినిక్ పేరు చెప్పను గానీ, అక్కడ పంటి దగ్గర చీముకి అమాక్సిసిలిన్ సిరప్ రాసిచ్చారు. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ రకం మందులు కుందేలు పేగుల్లో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియాని చంపేస్తాయి, చెడు రకాలు పెరిగి విరేచనాలతో చనిపోవచ్చు. కుందేళ్లని రోజూ చూసే ఇంకో డాక్టరు ఆ కాగితం చూసి, "ఇది ఒక్క చుక్క కూడా పట్టలేదు కదండీ?" అని అడిగారు. పట్టలేదు, అదృష్టం. ఆయన దాని బదులు ట్రైమెథోప్రిమ్-సల్ఫా అనే వేరే యాంటీబయాటిక్ ఇచ్చారు. కుక్కల్ని, పిల్లుల్ని బాగా చూసే డాక్టరు కుందేలుని కూడా బాగా చూస్తారని అనుకోకండి, ముందే అడిగి తెలుసుకోండి. కుక్కలకి గోమార్లకి వేసే ఫిప్రోనిల్ కూడా కుందేలుకి విషమే, సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా.

పొడి మీద ఉన్న కుందేలుకి వెనక భాగం శుభ్రం చేయడం పెద్ద పని. కుందేళ్లు మెత్తటి పెంటికల్ని నేరుగా నోటితో అందుకుని తింటాయి, అందులో వాటికి కావలసిన విటమిన్లు ఉంటాయి. నడుం వంగని ముసలిది అంత వెనక్కి తిరగలేదు, అవి బొచ్చుకి అంటుకుపోతాయి, మూత్రం కూడా అక్కడే తగిలి చర్మం మంటెక్కుతుంది. పూర్తిగా స్నానం చేయించకండి, తడిసిన చోట మాత్రం కడిగి బాగా ఆరబెట్టండి. అంచు తక్కువగా ఉన్న ట్రే, కింద తడి పైకి రానివ్వని మెత్తటి ఫ్లీస్ పరుపు, ఇవి రెండూ కొనదగినవే. జారే నేల మీద మాత్రం దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు.

నేను ఐదులో ఒకటి తగ్గించడానికి కారణం ఇక్కడుంది. సిరంజితో తినిపిస్తున్నంతకాలం బరువు నిలబడుతుంది, పెంటికలు వస్తుంటాయి, వంటింటి త్రాసు మీద అంకె బాగానే కనిపిస్తుంది. ఇంట్లో అందరికీ "పర్వాలేదు, తింటోంది" అనిపిస్తుంది. తింటున్నది అది కాదు, మనం తినిపిస్తున్నాం. డాక్టర్ ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికన్ వెటర్నరీ డాక్టరు పెంపుడు జంతువుల చివరి రోజుల్లో జీవనస్థితిని అంచనా వేయడానికి ఒక పట్టిక తయారుచేశారు. నొప్పి, ఆకలి, నీళ్లు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది, ఇలా ఏడింటికీ సున్నా నుంచి పదిదాకా మార్కులు, మొత్తం 35 దాటితే కొనసాగించవచ్చని లెక్క. ప్రధానంగా కుక్కలకీ పిల్లులకీ చేసినదైనా కుందేలుకీ పనికొస్తుంది. చిక్కేమిటంటే ఆకలి దగ్గర సిరంజి తిండికి కూడా మార్కులు వేసుకుంటూ పోవచ్చు. అందుకని మేము దాన్ని రెండుగా విడగొట్టాం, అది తానే నోరు పెట్టి తిన్నది ఒక గడిలో, మేము పెట్టింది ఇంకో గడిలో, మార్కులు మొదటి గడికే. కాగితం మీద చూసుకుంటే మనసులో అనుకున్నదానికంటే చాలా ముందే మొదటి గడి పల్చబడింది.

నొప్పి మార్కు వేయడానికి ముఖం చూడటం నేర్చుకోవాలి, ఎందుకంటే కుందేలు మామూలుగా అరవదు, వేటాడే జంతువుల మధ్య బతికే జాతి కాబట్టి బాధ దాచుకుంటుంది. 2012లో పరిశోధకులు రాబిట్ గ్రిమేస్ స్కేల్ అని ఒకటి ప్రచురించారు. కళ్లు ఎంత మూసుకున్నాయి, బుగ్గలు చదునయ్యాయా, ముక్కు ఆకారం మారిందా, మీసాలు, చెవులు ఎలా ఉన్నాయి, ఈ ఐదూ చూడమంటుంది. మందు వేసే ముందు ఒక ఫోటో, వేసిన కాసేపటికి ఒకటి తీసి పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. చివర్లో మందు వేశాక తీసిన ఫోటో కూడా వేయకముందు తీసినట్టే ఉండేది. నొప్పికే గబాపెంటిన్ అనే ఇంకో మందు కలిపారు, కొద్దిరోజులు తేలికపడింది, మళ్లీ అంతే. ఆ తర్వాత ముద్దని బుగ్గలో పెట్టుకుని నమలకుండా కూర్చోవడం మొదలుపెట్టింది. పొడి పని అయిపోయిందని అప్పుడు ఒప్పుకోవాల్సిందే. అక్కే ముందు అంది, "ఇంక చాలు, దీన్ని ఇబ్బంది పెట్టొద్దు" అని. నాకు కోపం వచ్చింది, కానీ డాక్టరుకి ఫోన్ చేసింది నేనే.

యూథనేసియా, అంటే బాధ తెలియకుండా మందుతో ప్రాణం పోయేలా చేయడం, దాని గురించి తెలియక భయపడేవాళ్ల కోసం నాలుగు మాటలు. ముందు మత్తు ఇమ్మని గట్టిగా అడగండి. మంచి డాక్టరు అడక్కుండానే ఇస్తారు, జంతువు పూర్తిగా స్పృహ తప్పాకే ప్రాణం ఆపే మందు పెంటోబార్బిటాల్ ఎక్కిస్తారు, ఎక్కువగా చెవి అంచున ఉండే నరంలోంచి. మత్తు అంటే తిండి ఆపాలని ఎవరైనా అంటే నమ్మకండి, కుందేలుని ఉపవాసం ఉంచరు. కళ్లు మూతపడవు. ఆ తర్వాత కండరాలు ఒకటి రెండుసార్లు అదరొచ్చు, ఊపిరి తీసినట్టు అనిపించొచ్చు, దానికి తెలిసి జరిగేవి కావు అవి. డాక్టరు స్టెతస్కోప్ పెట్టి చెప్పేదాకా ఆగండి. పూడ్చేటట్టయితే లోతుగా పూడ్చాలి, ఆ మందు శరీరంలోనే ఉంటుంది, ఏ జంతువైనా తవ్వి తింటే దానికీ ప్రమాదం.

ఇంట్లో జోడీ కుందేలు ఉంటే దానికి శరీరాన్ని చూసే అవకాశం ఇవ్వండి, కాసేపు వదిలేయండి. మా బుల్లోడు వచ్చి వాసన చూశాడు, చెవులు నాకాడు, తర్వాత తిరిగి వెళ్లిపోయాడు. వెతుక్కోలేదు గానీ మర్నాడు తిండి సరిగ్గా ముట్టలేదు. జోడీ పోయిన కుందేలు దిగులుతో తినడం మానేస్తే దాని పేగులూ ఆగిపోవచ్చు కాబట్టి వాణ్ణి వెంటనే డాక్టరుకి చూపించాం, నొప్పి, ఉబ్బరం ఏమీ లేవన్నాక ఇదే పొడి పల్చగా కలిపి పళ్లెంలో పెట్టాం. సిరంజి అక్కర్లేకుండా తానే నాకేశాడు, యాపిల్-అరటి రకం. సోంపు వాసనది ముట్టనే లేదు. కాబట్టి మొదటిసారి కొనేవాళ్లు దొరికితే చిన్న ప్యాకెట్లలో రెండు రకాలూ తెచ్చి, ఒంట్లో బాగున్న రోజే చెంచాతో కాస్త రుచి చూపించి పెట్టుకోండి. జబ్బు పడ్డాక కొత్త రుచి అలవాటు చేయడం మహా కష్టం.